బరువులెత్తొద్దు

కాళ్లు ఇంకా రాలేదు. నడుము కింద ఏదో ఉందని తెలుస్తోంది గానీ అది తనదని తెలియడం లేదు. దుప్పటి కింద రెండు చిన్న గుట్టల్లా లేచి ఉన్న పాదాలను సత్తమ్మ కళ్లు మాత్రమే కిందికి దించి చూసింది. తల ఎత్తి చూడాలని ఉంది, కానీ ఎత్తొద్దని నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పి పోయింది. వెన్నులో మందు ఇచ్చారట, రాత్రి దాకా దిండు లేకుండా వెల్లకిలా పడుకోవాలట, మాట వినకుండా తల లేపితే ఆ తర్వాత రోజుల తరబడి తలనొప్పి వదలదట. నీళ్లు అడగొద్దట. దగ్గు వస్తే రెండు చేతులతో పొట్టను అదిమి పట్టుకుని దగ్గాలట. గాలి పోతే సిగ్గుపడకుండా వెంటనే చెప్పాలట. అది పోతేనే పేగు కదిలినట్టు, పేగు కదిలితేనే గొంతులో ఒక గుక్కెడు నీళ్లు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇంట్లో గట్టిగా తుమ్మడానికి కూడా భయపడి పశువుల కొట్టంలోకి పోయి తుమ్మి వచ్చిన మనిషి, ఇప్పుడు వార్డు వార్డంతా ఆ కబురు కోసం ఎదురుచూస్తుంటే పడుకుని ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు తన ఒంటి సంగతి ఇంత పట్టుగా అడగడం బతుకులో ఇదే మొదలు, అడిగేది చూస్తే ఇది.

మహబూబ్‌నగర్ దవాఖానలో ఆడవాళ్ల ఆపరేషన్ వార్డు. మధ్యాహ్నపు ఎండ కిటికీ ఊచల మధ్య నుంచి పడి ఎదుటి మంచం మీద చారలు చారలుగా పాకుతోంది. పక్కన స్టూలు మీద చెల్లెలు నిరోష, జడ్చర్ల నుంచి తెచ్చుకున్న డబ్బా ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు తిరిగి, చప్పుడు కాకుండా తింటోంది. అక్కకు నీళ్లు కూడా లేవు కదా అని దాని మొహమాటం. పచ్చిపులుసు వాసన వస్తోంది. నాలుక ఎండిన అట్టలా అంగిలికి అంటుకుంది. ఇంకాసేపట్లో చూడవచ్చేవాళ్లను లోపలికి వదులుతారు, దశరథం వస్తాడు. కల్వకుర్తి బస్సు దిగి, గేటు బయట చాయ్ తాగి, మూతి తుడుచుకుంటూ వస్తాడు. వచ్చి ఏమడుగుతాడో మొగుడి సంగతి ఆమెకు తెలుసు. ఎట్లుందని అడుగుతాడు, తర్వాత ఎప్పుడు పంపుతారట అంటాడు. ఎప్పుడు పంపుతారట అంటే ఎప్పుడు లేస్తావని, ఎప్పుడు లేస్తావంటే మా అమ్మను మళ్లీ ఎప్పటి నుంచి ఎత్తుతావని. ఆ మాటకు జవాబు తయారుగా ఉంది. ఆపరేషన్ గది లోపల, ముఖానికి అడ్డంగా పచ్చబట్ట కట్టి, నొప్పి లేకుండానే పొట్టలో ఎవరో మూట విప్పి సర్దుతున్నట్టు కుదుపు తెలుస్తున్నప్పుడే ఆ జవాబు తయారైంది. నేనిగ ఎత్త. అంతే. కారణాలు చెప్పదు, ఏడవదు, పాత సంగతులు తవ్వదు. తవ్వితే ఆయన ఏదో ఒకటి పట్టుకుని తప్పించుకుంటాడు. నేనిగ ఎత్త. పెదాలు కదపకుండా మళ్లీ ఒకసారి అనుకుని చూసింది. గట్టిగానే ఉంది.

ట్రాలీ మీంచి ఈ మంచం మీదికి మార్చేటప్పుడు నలుగురు వచ్చారు. ఒంటి కింద ఉన్న దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పుకుని ఒక్కసారిగా లేపారు. వాళ్లలో బాగా ఎదిగిన మీసాలాయన ఒకడు, "జర ఆగుండ్రి, నా చెయ్యి సరిగ పడలే," అని ఆపి, మళ్లీ పట్టు సరిచేసుకుని లేపాడు. సత్తమ్మకు ఆ మత్తులోనూ నవ్వొచ్చింది. తాను ఎంత బరువుంటుంది? ఎండిన కందికట్టె. కందికట్టెను లేపడానికి నలుగురు మనుషులు, ఒక దుప్పటి, ఒక లెక్క, చేయి సరిగా పడకపోతే కాసేపు ఆగడం. ఆగొచ్చునన్న సంగతే ఆమెకు తెలియదు. ఇంట్లో ఒకటి రెండు అని లెక్క చెప్పేవాళ్లు లేరు. అత్త గుర్వమ్మ చంకల కింద చేతులు దూర్చి, ఆమె మోకాళ్ల మధ్య తన మోకాలు పెట్టి, ఊపిరి బిగబట్టి, "అత్తా, నా మెడ పట్టుకో," అంటే చాలు, ఆ ముసలిదాని కుడిచేయి వచ్చి మెడ వెనుక గోళ్లు దిగేలా పట్టుకునేది. లేవడమే, ఆగడం లేదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి జాలారి బండ మీదికి, స్నానం అయ్యాక మళ్లీ కుర్చీలోకి, మళ్లీ మంచం మీదికి. పక్క తడిపితే మళ్లీ. గుర్వమ్మ చిన్న మనిషి కాదు, ఒకప్పుడు జొన్నచొప్ప మోపు నెత్తిన పెట్టుకుని ఎవరి చేయీ అడక్కుండా గట్టు దాటిన మనిషి. ఆ ఎముకల బరువు పక్షవాతంతో పోలేదు, పోయింది కదిలే సత్తువే.

కాళ్లు రాకపోతే? మందు పోతే వస్తాయన్నారు, అయినా ఆ ఆలోచన ఈగలా వచ్చి వాలింది. చేత్తో తొడ మీద గిల్లి చూసింది. వేలికి తొడ తెలిసింది, తొడకు వేలు తెలియలేదు. సంతలో వేలాడదీసిన మాంసాన్ని ముట్టుకున్నట్టుంది. అయిదేళ్ల కింద పత్తి తీసే రోజుల్లో గుర్వమ్మ పడిపోయినప్పుడు, ఎడమ సగం చచ్చిపోయి, దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, తన ఎడమచేయిని తానే పక్కకు తోస్తూ, "ఇదెవలదే, తీస్కపోండ్రి," అని అరిచేది. అందరూ మతి పోయిందనుకున్నారు. సత్తమ్మ కూడా చాటుకు పోయి నవ్వింది. మతి పోలేదు, ఆమె చెప్పింది ఉన్నమాటే. తనది కాని కాలు పక్కలో పడి ఉంటే ఎంత చీదరగా ఉంటుందో ఒక్క పూటకే తెలిసింది. ఆమెకు అయిదేళ్లు. అనుకోగానే గుండెలో ఏదో మెత్తబడబోయింది, సత్తమ్మ దాన్ని అక్కడే నొక్కేసింది. వద్దు, ఇవాళ వద్దు. ఈ మెత్తదనమే పొట్ట చీల్చింది.

పడిపోయిన కొత్తలో లేపడానికి ఊరంతా ఉండేది. పెద్దకొడుకు ఎల్లేష్ షాద్‌నగర్ నుంచి పెళ్లాం సుహాసినితో వచ్చి ఓ వారం ఉండి, తల్లి కాళ్లకు నూనె రాసి, ఏడ్చి పోయాడు. కంపెనీలో సెలవు లేదన్నాడు, కిరాయి ఇల్లు రెండో అంతస్తన్నాడు, "అమ్మను గా మెట్లెట్ల ఎక్కిస్తం, మీరే చెప్పుండ్రి," అన్నాడు. అందరూ మెట్ల గురించి ఆలోచించారు. నిజమే కదా, మెట్లు. ఆ మెట్లు సత్తమ్మ ఎప్పుడూ చూడలేదు, కానీ అయిదేళ్లుగా వాటిని తనే ఎక్కుతున్నట్టుండేది. ఇక చిన్నకొడుకు దశరథం, తన మొగుడు, ఇంట్లో ఉన్నవాడు. "కన్నతల్లికి కొడుకు తానం పోస్తె ఎట్లుంటదే, నలుగురు నవ్వరా," అన్నాడు. అది కూడా నిజమే. స్నానం సరే, కుర్చీలో కూర్చోబెట్టడానికి ఏం సిగ్గు? దానికి నడుము నొప్పి. ట్రాక్టరు మీద ఎరువు బస్తాలు వేసిన రోజు రాని నొప్పి, తల్లి మంచం దగ్గరకు వచ్చేసరికి వచ్చేది. కొడుకు శివకృష్ణ చౌటుప్పల్ మందుల కంపెనీలో చేరాక ఒక పండక్కి వచ్చి, నాయనమ్మను ఒకసారి కుర్చీలోకి మార్చి, చెమటలు తుడుచుకుంటూ, "అమ్మా, దినాం నువ్వెట్ల ఎత్తుతున్నవే," అన్నాడు. సోమవారం డ్యూటీకి పోయాడు. ఆ మాట ఎవరో ఒకరు అడిగారన్న సంతోషంతో ఇంకో ఏడాది గడిచింది. ఇప్పుడు తలచుకుంటే ఆ సంతోషం మీదే ఎక్కువ మంటగా ఉంది.

నాలుక తడి కోసం వెతికి లాభం లేక ఊరుకుంది. పొట్ట మీద బెల్టు బిగించి ఉంది, దాని కింద కుట్లు, కుట్ల పక్క నుంచి ఒక సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర డబ్బాలో ఎర్రనీళ్లు. ఆ చోటును ఇంతకుముందు ఒకసారి కోశారు. శివకృష్ణ పుట్టిన కొన్నాళ్లకు తెల్లబట్ట అవుతోందంటే ఊళ్లో సూదులిచ్చే డాక్టరు చూసి, గర్భసంచి ఖరాబైంది, ఉంచితే క్యాన్సర్ అవుతది, తీయిస్తే పీడ పోతది అన్నాడు, ఆయనే తీసుకుపోయి ఒక నర్సింగ్ హోంలో చేర్పించాడు. సత్తమ్మకు అప్పటికి పాతికేళ్లు నిండాయో లేదో. ఈ దవాఖానలో లేడీ డాక్టరు పాత కాగితాలు చూసి, "ఎందుకు తీసిండ్రమ్మా? ఇండ్ల ఏం లేదు గదా," అంది. అంతే, మామూలుగా అని పక్క మంచం దగ్గరికి పోయింది. అప్పుడు ఏం లేదట. ఏమీ లేకుండానే తీశారట. అన్నేళ్లు దాన్ని ఒక గండం తప్పించుకున్నట్టు చెప్పుకుని తిరిగిందే!

ఆ కోతతో ఇంటికి వచ్చినప్పుడు బరువులెత్తొద్దని అప్పుడు కూడా చెప్పారు. గుర్వమ్మ గడపలో కూర్చుని విన్నది. అప్పుడామె రెండు సగాలూ గట్టిగా ఉన్న మనిషి. "ఇద్దర్ని కని మూడో నాడే నాట్లకు పోయిన నేను. సంచి తీపిచ్చుకున్న దానికి గింత మర్యాదనా?" అంది. పత్తిలో కలుపు ఉంది, కూలీలు దొరకడం లేదు. కుట్లు విప్పిన వారానికే సత్తమ్మ నడుముకు చీర బిగించి కట్టుకుని సాలులో కూర్చుంది. సాయంత్రం గడ్డిమోపు నెత్తికెత్తుకుంటుంటే లోపల బట్ట చినిగినట్టు అనిపించింది. చప్పుడు కూడా వినపడ్డట్టే ఉంది. ఎవరికి చెప్పాలి? కొన్నాళ్లకు కుట్టు పక్కన నిమ్మకాయంత లేచింది. పడుకుంటే పోయేది, లేస్తే వచ్చేది. తర్వాత కొబ్బరిచిప్పంత. తర్వాత, అత్త పడిపోయి ఈ ఎత్తుడు మొదలయ్యాక, చీర కుచ్చిళ్ల కింద ఎప్పుడూ ఒక పసిబిడ్డ తలంత. బతుకమ్మ నాడు ఎవరో, మళ్లీ నీళ్లోసుకున్నావా ఏందని నవ్వితే, తానూ నవ్వింది. కోసిన చోట గోడ విచ్చుకుంది, ఆ సందులోంచి పేగు బయటికి తోసుకొస్తోంది, దాన్ని హెర్నియా అంటారు, వలలాంటి జాలి పెట్టి కుట్టాలి అని కల్వకుర్తిలో ఒక డాక్టరు అర్థమయ్యేలా చెప్పాడు. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు ఏ బరువూ ఎత్తకూడదన్నాడు. ఆ మూడు నెలలే దొరకలేదు. పత్తి అయినంక అన్నాడు దశరథం. ఎండలు తగ్గినంక అన్నాడు. శివకృష్ణ పరీక్షలైనంక అన్నాడు. ఆయన అన్నవన్నీ అయ్యాయి. అట్లా దాటేసిన ఒక్కో ఏడాదీ ఆయనకు గుర్తు కూడా ఉండదు, ఆయన ఎప్పుడూ వద్దనలేదు కదా, అయినంక అన్నాడంతే. చేసినవన్నీ చేసి, మనిషి ఎక్కడా దొరకడు.

గుర్వమ్మను పగగా చూద్దామంటే ఆ ముఖం దూరంగా నిలబడదు. రోజూ ఎత్తేటప్పుడు చెంపకు చెంప ఆనేది. ఆమె నోటి వాసన, తలకు రాసిన ఆముదం, మెడ ముడతల్లో సబ్బు. దశరథం ముఖమైనా అంత దగ్గరగా వచ్చి ఎన్నేళ్లయిందో. చెంపకు చెంప ఆనించి, తనను పత్తి చేలోకి తోలిన నోరే చెవి పక్కన ఊపిరి తీస్తుంటే, ఒక్కోసారి చేతులు వదిలేయాలనిపించేది. నిజంగా. బండ మీద వదిలేస్తే ఏమవుతుంది? ఆ ఆలోచన వచ్చిన రోజు ఇంకాస్త జాగ్రత్తగా, ఇంకాస్త వేడి నీళ్లతో స్నానం చేయించేది. గుర్వమ్మకు తెలుసో తెలియదో, అలాంటి రోజు మెడ మీది చేయి వదిలేది కాదు, మంచం మీద కూర్చోబెట్టాక కూడా.

ఆరోజు పొద్దున చేతులు వదిలేయలేదు, అవే విడిపోయాయి. కుర్చీలోంచి బండ మీదికి దించుతుంటే పొట్టలో కత్తి తిప్పినట్టయింది, కళ్లు చీకట్లు కమ్మాయి, ఇద్దరూ కలిసి పడ్డారు. కింద సత్తమ్మ, మీద అత్త. పొట్ట మీది గడ్డ రాయిలా బిగుసుకుపోయింది, ఎంత అదిమినా లోపలికి పోలేదు, వాంతి వచ్చింది. గుర్వమ్మ, "ఓ దశరథా, ఉర్కిరా!" అని అరుస్తోంది. దశరథం వచ్చాడు. వేపపుల్ల నోట్లో ఉంది. దాన్ని ఉమ్మేసి, వంగి, రెండు చేతులూ చాచి, తల్లిని పత్తి బోరెం ఎత్తినట్టు ఎత్తుకున్నాడు. ఒక్కడే. లెక్క లేదు, మూలుగు లేదు, నడుము పట్టుకోవడం లేదు. ఎత్తుకుని లోపలికి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, దెబ్బ తగిలిందా అని అడిగి, ఆ తర్వాత వచ్చాడు. సత్తమ్మ బండ మీద ఒరిగి ఆ తలుపు వైపే చూస్తూ ఉంది. నొప్పికి ప్రాణం పోతుందనుకుంటున్న ఆ క్షణంలో కూడా ఆమె మనసులో మెదిలింది ఒక్కటే: ఈయనకు వస్తది. ఎత్త వస్తది ఈయనకు.

ఆటోలో కల్వకుర్తి, అక్కడి నుంచి అంబులెన్సులో ఇక్కడికి. రాత్రి డ్యూటీ డాక్టరు కాళ్లు ముడవమని, సూది ఇచ్చి, మెల్లమెల్లగా అదిమి పేగును లోపలికి పంపాడు. ఇంకాస్త ఆలస్యమైతే పేగు నల్లబడి కుళ్లేదన్నాడు. రెండు రోజులు ఉంచుకుని ఇవాళ కోశారు. చేర్చుకునేటప్పుడు డాక్టరు, ఏం పని చేస్తుంది, బరువులేమన్నా ఎత్తుతుందా అని అడిగాడు. సత్తమ్మ నోరు తెరిచేలోపు దశరథం అన్నాడు, "ఏం పని లేదు సార్. ఇంటికాడనే ఉంటది."

"అక్కా, నిద్రొస్తుందా?" నిరోష డబ్బా మూసి, తడిబట్టతో ఆమె పెదాలు తుడిచింది. "పండుకో. కాళ్లు తిమ్మిరెక్కుతున్నయా?"

"లే."

"వస్తయి. నాకు సిజేరియన్ల గిట్లనే అయింది. వచ్చేటప్పుడు సీమలు పాకినట్టుంటది. వచ్చినంక కోసిన కాడ మంట లేస్తది, పండ్లు బిగవట్టుకుని ఊకోకు, నర్సమ్మను పిలుస్త సూదిస్తది. రేపు పొద్దుగాల లేపి నడిపిస్తరంట. కక్కసుకు పోతె గొంతుక్కూసోవద్దంట, మీ ఇంట్ల కుర్చీది లేదు గదా, బావకు చెప్త పెట్టియ్యమని." ఆగి, గొంతు తగ్గించి, "ముసలిది ఎట్ల? ఆమెను ఎవరు చూస్తున్నరు ఇప్పుడు?" అంది.

"ఏమో."

నిజంగానే తెలియదు. మూడు రోజుల నుంచి అదే ఆలోచిస్తోంది, అదే అడగకుండా ఉంది. పక్క తడిసిపోయి పడి ఉందేమో. పక్కింటి సాయమ్మ బువ్వ పెట్టి ఉంటుంది, స్నానం ఎవరు చేయిస్తారు? నడుము కింద పుండు పడుతుంది, ఒక్క రోజు తిప్పకపోతే చాలు పడుతుంది. పడనీ. నేనిగ ఎత్త. ఎవరైనా చూసుకోనీ, లేకపోతే పోనీ. అనుకుంటుంటే గేటు తీసిన అలికిడి, చెప్పుల చప్పుళ్లు, పండ్ల కవర్ల గరగర. కాళ్లలో కాదు గానీ, గుండెలో చీమలు పాకాయి.

దశరథం వచ్చాడు. ఇస్త్రీ అంగీ తొడుక్కున్నాడు. బత్తాయిల కవరు మంచం పక్క డబ్బా మీద పెట్టి, గొట్టం వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఎట్లున్నదే?"

"ఉన్న."

"ఎప్పుడు పంపుతరంట?"

నిరోష అందుకుంది. "వారం ఉంటది బావా. గీ గొట్టం తియ్యాలె, తర్వాత కుట్లు ఇప్పాలె. మూడు నెలలు నీళ్ల బిందె గూడ ముట్టొద్దన్నరు. మల్ల పగిలితే గీ జాలి గూడ ఆగదంట."

ఇప్పుడు అంటాడు. సత్తమ్మ ఊపిరి కూడదీసుకుంది. మాట గొంతు దాకా వచ్చి నిలబడింది.

"గా ఫికర్ ఏం పెట్టుకోకు," అన్నాడు దశరథం, మంచి వార్త తెచ్చినవాడిలా. "అమ్మను అన్నోళ్లింటికి తోలిచ్చిన. నిన్న పొద్దుగాల ఫోన్ చేస్తె పగటీలికి కారు మాట్లాడుకొని వచ్చిండు. తీస్కపోయిండు."

ఒక్క ఫోను. గొంతులో నిలబడ్డ మాట అక్కడే ఉండిపోయింది, దిగడానికి చోటు లేదు. ఎదుటి మంచం మీది ఎండ చారలు మెల్లగా గోడెక్కుతున్నాయి. అయిదేళ్లు. ఒక ఫోను, ఒక కారు, ఒక పూట.

"మెట్లు?" అంది సత్తమ్మ.

"ఏం మెట్లు?"

"రెండో అంతస్తు గదా. ఎట్ల ఎక్కిచ్చిన్రు?"

"ఆడ లేరు గదా ఇప్పుడు. కింది పోర్షన్లకు మారిన్రు."

"ఎప్పుడు?"

దశరథం కవరులోంచి బత్తాయి ఒకటి తీసి, మళ్లీ లోపల పెట్టాడు. "అయిందిలే. మొన్నటి దసరా కాదు, దాని ముందటి దసరాకు."

"నీకెరికేనా?"

"ఎరికే."

"చెప్పలేదు."

"చెప్తె ఏముంది? ఇంట్ల నువ్వున్నవ్ గదా."

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. తడబడినా, కోపం తెచ్చుకున్నా ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. ఆయన ముఖంలో కపటం ఏమీ లేదు. బావిలో నీళ్లున్నాయి గదా, ట్యాంకరెందుకు అన్నట్టు చెప్పాడు. ఆ రెండు దసరాల నడుమ ఎన్నిసార్లు బండ మీద ఊపిరి బిగబట్టిందో, ఎన్నిసార్లు చీర కింద చేయి పెట్టి పేగును లోపలికి నొక్కుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయిందో. షాద్‌నగర్‌లో ఆ కింది పోర్షన్‌లో ఒక గది, ఆ గదిలో టీవీ, వాకిలికి అడ్డం లేదు, మెట్టు లేదు, కుర్చీ బండి నేరుగా లోపలికి పోతుంది. తాను మనసులో అప్పటికీ మెట్లు ఎక్కుతూనే ఉంది.

"మూడు నెలలే గదా," అంటున్నాడు దశరథం. "నీ పానం జర కుదురుకున్నంక తెచ్చుకుందాం. వదినె గూడ గట్లనే అన్నది, మూడు నెలలైతె ఎట్లనన్న చూస్తనని."

"నేనిగ ఎత్త."

గట్టిగా అన్నాననుకుంది. పొట్టలో బలం లేక మాట పెదాల మీదే రాలిపోయింది. "ఆ?" అని ఆయన చెవి వంచాడు. రెండోసారి అనాల్సి వచ్చింది. ఇన్ని గంటలు కూర్చి పెట్టుకున్న మాటను, చెవిటివాడికి చెప్పినట్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"నేను... ఇగ... ఎత్త. మూడు నెలలకు గాదు. ఎన్నటికీ."

దశరథం నిలబడి ఆమె వైపు చూశాడు, తర్వాత నిరోష వైపు చూశాడు. "గిది నువ్వు చెప్పిచ్చినవా?"

"నేనెందుకు చెప్పిస్త బావా? కోసింది అక్క కడుపు గదా."

"మందు నషాల ఉన్నట్టుంది," అన్నాడాయన, ఎదుటి మంచం వాళ్లు విన్నారేమోనని అటు చూస్తూ. "ఇప్పుడెందుకు గా ముచ్చట. ఇంటికి వచ్చినంక మాట్లాడుకుందాం తియ్యి."

ఇంటికి వచ్చినంక. పత్తి అయినంక, ఎండలు తగ్గినంక, ఇంటికి వచ్చినంక. సత్తమ్మకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. నోట్లో వేపాకు నమిలినట్టు ఒక చేదు, నీళ్లు లేక మింగడానికి వీలు కానిది. అప్పుడే కుడికాలి చిటికెనవేలి దగ్గర ఏదో కదిలింది, సన్నగా, దూరంగా, ఎవరో పిలిచినట్టు. దాని గురించి ఎవరికీ చెప్పలేదు.

దశరథం ఫోను మోగింది. "ఆఁ వదినె... ఆఁ ఇక్కడ్నే ఉన్న, వార్డుల్నే. ఏంది? అమ్మనా? ఇయ్యి." ఫోను చెవి దగ్గర నుంచి తీసి సత్తమ్మ ముఖం దగ్గరికి తెచ్చాడు. "అమ్మ. నీతోని మాట్లాడాల్నంట. పొద్దటి సంది ఒకటే లొల్లి చేస్తుందంట."

సత్తమ్మ కళ్లు మూసుకుంది.

"ఏయ్, సత్తమ్మా."

"నిద్ర పట్టినట్టున్నది బావా," అంది నిరోష. అక్క కళ్లు మూసుకోవడం అది చూసింది, తెలిసే అంది.

ఫోను చిన్నదే గానీ దాని గొంతు పెద్దది, పక్క మంచం దాకా వినపడుతుంది. "సత్తమ్మా... ఓ సత్తమ్మా..." పొద్దున పొద్దున్నే పక్క తడిసినప్పుడు గోడ అవతల నుంచి వచ్చే అదే పిలుపు, అదే సాగదీత. మూసుకున్న రెప్పల కింద కనుగుడ్లు ఉలిక్కిపడ్డాయి. అయిదేళ్లలో ఆ పిలుపుకు ఒళ్లు లేవని రోజు లేదు. ఇప్పుడూ భుజాలు లేవబోయాయి, నడుము కదల్లేదు. "గా సుహాసిని నీళ్లు సల్లగ పోసిందే నాకు. మెడ పట్టుకోనిస్తలేదు, చీర నలుగుతదంట. కుర్సీకి తువ్వాలతోని కట్టేసి పోయింది. ఇంటున్నవా?"

"అది పండుకున్నదే అమ్మా," అన్నాడు దశరథం.

అవతల టీవీలో ఎవరో పాడుతున్నారు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది, ఒక పక్క నుంచి మాత్రమే వచ్చే ఆ ఈలలాంటి ఊపిరి, సత్తమ్మ చెవికి ఎంతో దగ్గరగా.

"పండుకోనియ్యి," అంది గుర్వమ్మ. "లేపకు బిడ్డా దాన్ని. జర పండుకోనియ్యి."

సత్తమ్మకు కళ్లు తెరవాలనిపించింది, తెరిస్తే ఫోను చేతిలోకి వస్తుంది. తెరవలేదు.

"లేచినంక అడుగు," అంది మళ్లీ ఆ గొంతు. "ఎప్పుడొస్తదో అడుగు."

"అడుగుతలే," అని దశరథం ఫోను జేబులో వేసుకుని, నిరోష లేచి ఇచ్చిన స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని, ఆమె లేవగానే అడుగుదామని కూర్చున్నాడు.